బ్రిస్టల్ ఫైటర్: మొదటి రోజే ఆరింట్లో నాలుగు కూలాయి, మరి తర్వాత 15 ఏళ్లు ఎలా నడిచింది?

సందేహాలరాయుడు:
అందరికీ నమస్తే అండి. నేను ఈ మధ్య మొదటి ప్రపంచ యుద్ధం విమానాల మీద పడ్డాను, రాత్రిళ్లు అదే పని. క్యామెల్, ఫాకర్, ఆల్బట్రాస్ ఇవన్నీ కొంచెం అర్థమయ్యాయి గానీ బ్రిస్టల్ ఎఫ్2 దగ్గర బుర్ర ఆగిపోయింది. పైనొక రెక్క కిందొక రెక్క, లోపల ఇద్దరు మనుషులు, బరువు చూస్తే సోప్‌విత్ క్యామెల్‌కి డబుల్‌కి పైనే, దీన్ని ఫైటర్ అంటారేంటి అసలు? పోనీ అనుకుంటే 1917 ఏప్రిల్ 5న మొట్టమొదటిసారి ఆరు విమానాలు వెళ్తే నాలుగు కూలిపోయాయి, అదీ జర్మన్ల పేరుమోసిన పైలట్ రిక్టోఫెన్ బ్యాచ్ చేతిలో. అలాంటిదాన్ని మామూలుగా అయితే పక్కన పడేస్తారు కదా, కానీ ఇది మొత్తం 5,300కి పైగా తయారయింది, ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) 1932 దాకా వాడింది. మధ్యలో ఏం జరిగింది? ఇంజన్ మార్చారా, మనుషుల్ని మార్చారా? ఇంకో డౌటు, మన దేశంతో దీనికి ఏమైనా లింకు ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, రెండు లైన్ల జవాబులు వద్దు ప్లీజ్.

పాతఇంజన్:
రెండు లైన్లు వద్దన్నారు కాబట్టి తీరిగ్గా చెప్తా.

ముందు ఇద్దరు ఎందుకన్నది. 1914లో విమానం అంటే కళ్లు మాత్రమే, పైనుంచి శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడం, ఫోటోలు తీయడం, ఫిరంగులకి గురి చెప్పడం. ఒకడు నడపాలి, ఒకడు చూడాలి. కాబట్టి రెండు సీట్లు అనేది ఫైటర్ కోసం పుట్టిన ఆలోచన కాదు, అప్పటికే ఉన్నదానికి తుపాకీ తగిలించారు అంతే. పోరాటం కోసమే కట్టిన తొలి విమానాల్లో ఒకటైన వికర్స్ ఎఫ్.బి.5, దాన్నే గన్‌బస్ అంటారు, అది కూడా రెండు సీట్లదే. ఇంజన్ వెనకాల, గన్నర్ ముందు ముక్కు మీద లూయిస్ గన్ అనే మెషిన్ గన్ పట్టుకుని కూర్చునేవాడు, ప్రొపెల్లర్ అడ్డం లేదు కాబట్టి హాయిగా కాల్చుకోవచ్చు. 1915 జులైలో 11వ స్క్వాడ్రన్ వీటితో ఫ్రాన్స్ వెళ్లింది. స్పీడు మాత్రం దారుణం, గంటకి 110 కిలోమీటర్లు చిల్లర.

బ్రిస్టల్ కథ వేరే వైపు నుంచి మొదలైంది. బి.ఇ.2సి అని ఒక నిఘా విమానం ఉండేది, పాపం బాగా స్థిరంగా ఎగిరేది, అదే దాని శాపం, గబుక్కున తిరగదు. పైగా అబ్జర్వర్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టారు. చుట్టూ కర్రలు, తీగలు, పైన రెక్క, ఎదురుగా ప్రొపెల్లర్, వెనక పైలట్ తల. ఆయన ఎటు కాల్చాలి? 1916లో దీని బదులు ఇంకోటి కావాలని బ్రిస్టల్ కంపెనీలో ఫ్రాంక్ బార్న్‌వెల్ బొమ్మ గీయడం మొదలుపెట్టాడు, అదీ మొదట్లో నిఘా విమానంగానే. ఇంతలో రోల్స్ రాయిస్ ఫాల్కన్ ఇంజన్ వచ్చింది, 190 హార్స్‌పవర్. ఆ ఇంజన్ చూశాక ఆయన మొత్తం డిజైన్ తిరగరాశాడు, ఇది ఫైటరే అవుతుంది అని. 1916 సెప్టెంబర్ 9న మొదటి నమూనా ఎగిరింది. దాన్నే ఎఫ్2ఏ అన్నారు, యాభై ఆర్డర్ ఇచ్చారు.

ఇక ఆ ఏప్రిల్ 5. 48వ స్క్వాడ్రన్, ఆరు విమానాలు, లీడర్ కెప్టెన్ విలియం లీఫ్ రాబిన్సన్. ఈయన మామూలోడు కాదు, 1916లో ఇంగ్లండ్ గడ్డ మీద జర్మన్ ఎయిర్‌షిప్‌ని రాత్రిపూట కూల్చి విక్టోరియా క్రాస్ తీసుకున్న హీరో. కానీ అది వేరే పని, ఇది వేరే పని. ఫ్రాన్స్‌లో డువే దగ్గర రిక్టోఫెన్ ఐదు ఆల్బట్రాస్ డి.3లతో ఎదురొచ్చాడు. అప్పటి పాఠం ఏంటంటే రెండు సీట్ల విమానాలు దగ్గరదగ్గరగా గుంపుగా ఎగరాలి, పైలట్ తిన్నగా నడుపుతుంటే వెనకున్న గన్నర్లు ఒకళ్లనొకళ్లు కాచుకుంటూ కాల్పులు జరపాలి. వీళ్లు పుస్తకంలో ఉన్నట్టే చేశారు. నాలుగు పోయాయి, తిరిగొచ్చిన రెండింట్లో ఒకటి తూట్లు పడి వచ్చింది. రాబిన్సన్ ఖైదీ అయ్యాడు, యుద్ధం అయ్యాక ఇంటికొచ్చి 1918 డిసెంబర్ 31న స్పానిష్ ఫ్లూతో పోయాడు. తుపాకులకి రాసిన నూనె పైన చలికి గడ్డకట్టి జామ్ అయ్యాయని కూడా ఒక మాట ఉంది, ఉండొచ్చు, కానీ అసలు కారణం అది కాదని నా ఉద్దేశం. వంపు తిరగకుండా తిన్నగా ఎగిరే విమానం ఎంత మంచిదైనా టార్గెట్టే.

రిక్టోఫెన్ కూడా ఆ రోజు తర్వాత ఈ విమానం గురించి చులకనగానే మాట్లాడాడు, అది జర్మన్లకే తర్వాత ఖర్చయింది.

గోదారిగట్టు:
పాతఇంజన్ గారు బాగా చెప్పారండి, నేను అక్కడ్నుంచి అందుకుంటాను.

మారింది ఏంటంటే ఆలోచన. కొన్ని వారాల్లోనే పైలట్లకి అర్థమైపోయింది, ఈ విమానాన్ని బస్సులాగా నడపక్కర్లేదు, ఒక సీటు ఫైటర్‌ని తిప్పినట్టే తిప్పొచ్చు అని. డైవ్ కొడితే రెక్కలు ఊడిపోవు, అంత గట్టిగా కట్టారు. కాబట్టి పైలట్ తన ముందున్న వికర్స్ గన్నే అసలు ఆయుధం అనుకుని వేటకి వెళ్లాలి, వెనకవాడు తోక కాపలా కాయాలి. అంతకుముందు లెక్క తిరగబడి ఉండేది, వెనక గన్ను అసలు, ముందు గన్ను కొసరు. ఇంతే తేడా, కానీ దీంతో విమానం జాతకమే మారిపోయింది. జర్మన్ పైలట్‌కి అలవాటు ఏంటి, వెనక నుంచి వచ్చి కొట్టడం. ఇక్కడ వెనక నుంచి వస్తే లూయిస్ గన్ ఉంటుంది, ముందుకొస్తే వికర్స్ ఉంటుంది, పోనీ కింద నుంచి వద్దామంటే ఇది గిరుక్కున తిరిగేస్తుంది.

ఆండ్రూ మెకీవర్ అని కెనడా ఆయన, 11వ స్క్వాడ్రన్. ఆయన ఖాతాలో 31 విజయాలు, అన్నీ బ్రిస్టల్ ఫైటర్ మీదే, ఈ విమానం నడిపిన పైలట్లలో అంత కన్నా ఎవరికీ లేవు. వెనక సీట్లో ఎక్కువసార్లు ఉన్నది లెస్లీ పావెల్. 1917 నవంబర్ 30న ఒంటరిగా వెళ్తూ తొమ్మిది జర్మన్ విమానాల గుంపు మీద పడ్డారు, ఆ ఒక్క పోరులో నాలుగు వీళ్ల పేరు మీద రాశారు. అలాగే 22వ స్క్వాడ్రన్‌లో అట్కీ, గ్యాస్ అని ఒక జంట ఉంది. గ్యాస్ గన్నరు, వెనక సీట్లో కూర్చుని 39. గన్నర్లలో ఆయనదే టాప్.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అప్పట్లో బ్రిటిష్ వాళ్ల లెక్కలో కంట్రోల్ తప్పి కిందకి పోయినట్టు కనిపించినవి కూడా విజయాలే. అందులో కొన్ని కింద సర్దుకుని ఇంటికెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి ఈ అంకెల్ని మరీ గుడ్డిగా నమ్మేయకండి, కానీ ఒకళ్లతో ఒకళ్లని పోల్చుకోడానికి పనికొస్తాయి.

సందేహాలరాయుడు:
సూపర్ అండి ఇద్దరికీ థాంక్స్. ఇప్పుడు ఇంకో డౌటు వచ్చింది. ముందు వికర్స్ గన్ అంటున్నారు, ముందు ప్రొపెల్లర్ తిరుగుతుంది కదా, మరి తూటాలు దానికే తగలవా? ఇంకోటి, వెనక నిలబడినోడు ఆ గాలిలో అసలు గురి ఎలా చూస్తాడు?

బాల్సాచెక్క:
ఇది నా ఏరియా, నేను ఈ విమానానికి రిమోట్‌తో ఎగిరే ఆర్సీ మోడల్ కడుతున్నా కాబట్టి డ్రాయింగులు రోజూ చూస్తున్నా.

ప్రొపెల్లర్ సంగతి. ఇంజన్ తిరిగేటప్పుడే తుపాకీకి ఇప్పుడు కాల్చు అని సిగ్నల్ వెళ్తుంది, ఆకు అడ్డంగా ఉన్నప్పుడు వెళ్లదు. మొదట్లో ఈ సిగ్నల్‌ని ఇనప కడ్డీలు, లీవర్లతో పంపేవాళ్లు, అవి అరిగిపోతే టైమింగ్ తప్పి సొంత ప్రొపెల్లర్‌కే చిల్లులు. బ్రిస్టల్‌లో వాడింది కాన్‌స్టాంటినెస్కో గేర్, రొమేనియా ఇంజనీర్ ఆయన. కడ్డీల బదులు సన్నటి పైపులో ద్రవం నింపారు. ఇంజన్ దగ్గర ఒక క్యామ్ ఆ ద్రవాన్ని ఠప్‌మని కొడుతుంది, ఆ ప్రెషర్ అల పైపు వెంట పరిగెత్తి తుపాకీ ట్రిగ్గర్‌ని నొక్కుతుంది. అరిగేది తక్కువ, ఏ ఇంజన్‌కైనా ఏ తుపాకీకైనా పైపు వేసుకోవడమే. కాకపోతే పైపులో ప్రెషర్ తగ్గకుండా పైలట్ అప్పుడప్పుడు ఒక హ్యాండిల్ పైకి లాగుతూ ఉండాలి, పోరాటం మధ్యలో అదొక పని. వికర్స్ గన్ కూడా బయట పెట్టలేదు, ఇంజన్ కవర్ లోపల నుంచి, పెట్రోలు ట్యాంకులో చేసిన సొరంగం లాంటి ఖాళీ గుండా వెళ్తుంది. అవును, పెట్రోలు ట్యాంకు మధ్యలోంచే. పైలట్లకి పారాచ్యూట్ ఇవ్వని రోజులు అవి, చెప్తున్నా అంతే.

వెనక సీటు ఇంకా బావుంటుంది. గన్నర్ చుట్టూ ఒక గుండ్రటి ఇనప రింగు, దాని మీద లూయిస్ గన్, దాన్ని స్కార్ఫ్ రింగ్ అంటారు. రింగు తిరుగుతుంది, గన్ను పైకీ కిందకీ వంగుతుంది, బరువు తెలీకుండా రబ్బరు తాడు పైకి లాగి పట్టుకుంటుంది. ఆయన నిలబడి ఆ రింగుతో పాటు తనూ తిరుగుతూ కాల్చాలి. పళ్లెం లాంటి డ్రమ్‌లో 97 తూటాలు, ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే పది సెకన్లలో ఖాళీ. అయిపోయాక ఆ గాలికి ఎదురుగా, మందపాటి గ్లవ్స్‌తో, ఖాళీ డ్రమ్ తీసి లోపల పెట్టి కొత్తది ఎక్కించాలి. చేయి జారితే డ్రమ్ గాలికి ఎగిరి తోకకి తగులుతుంది. కొందరు మొండి గన్నర్లు ఒకటి చాలదని రెండు లూయిస్ గన్‌లు జోడించుకున్నారు, పైన గాలి పల్చగా ఉన్నచోట ఆ బరువు తిప్పడం అంటే భుజాలు పోతాయి.

డిజైన్‌లో నాకు బాగా నచ్చింది ఇది. పక్క నుంచి ఫోటో చూడండి, కింద రెక్క విమానం పొట్టకి అంటుకుని ఉండదు, మధ్యలో ఖాళీ ఉంటుంది, పొట్ట రెండు రెక్కలకీ మధ్యలో వేలాడుతున్నట్టు ఉంటుంది. అలా ఎందుకంటే పైలట్ కళ్లు పై రెక్కకి దగ్గరగా వచ్చి పైనా ముందూ బాగా కనిపించాలని. తోక వైపు వెళ్లేకొద్దీ పొట్ట పైనుంచి కిందకి పల్చబడి చివర్లో అడ్డంగా కత్తి అంచులా అయిపోతుంది, దాంతో గన్నర్ తోక కిందకి కూడా కొంత కాల్చగలడు. పైలట్, గన్నర్ ఇద్దరూ వీపుకి వీపు ఆనించినంత దగ్గర. స్కూటర్ వెనక కూర్చున్నవాడు భుజం మీద కొట్టి పక్కకి తిప్పు అన్నట్టే ఇక్కడా. డీహెచ్4 అని ఇంకో రెండు సీట్ల విమానం ఉండేది, దాంట్లో ఇద్దరి మధ్యలో పెద్ద పెట్రోలు ట్యాంకు పెట్టారు, అరిచినా వినపడదు, ఆ ఒక్క కారణంతో అది ఎంత స్పీడుగా వెళ్లినా జంటగా పోరాడ్డానికి బ్రిస్టల్ అంత కుదరలేదు.

రోల్స్_పిచ్చోడు:
అందరూ ట్యాక్టిక్స్ ట్యాక్టిక్స్ అంటున్నారు, నేను ఒప్పుకోను. అసలు హీరో ఫాల్కన్ ఇంజన్. ఎఫ్2ఏలో 190 హార్స్‌పవర్, తర్వాత వచ్చిన ఎఫ్2బిలో ఫాల్కన్ 3 పడ్డాక 275. వి ఆకారంలో 12 సిలిండర్లు, నీళ్లతో చల్లబడేది. గంటకి 198 కిలోమీటర్లు, అప్పటి ఆల్బట్రాస్ డి.3 కన్నా స్పీడు, అదీ ఇద్దర్ని మోసుకుని. ట్యాక్టిక్స్ ఎవరైనా మారుస్తారు, ఇంజన్ లేకపోతే మారిన ట్యాక్టిక్స్‌తో కూడా చస్తారు.

కావాలంటే ఇంజన్ మార్చినప్పుడు ఏమైందో చూడండి. ఫాల్కన్‌లు సరిపడా తయారు కాలేదు, బ్రిస్టల్‌కి వేరే ఇంజన్‌లు వెతికారు. సన్‌బీమ్ అరబ్ అని 200 హార్స్‌పవర్‌ది పెట్టారు, అది వణుకుడు జబ్బు ఇంజన్, ఎప్పుడు ఏం విరుగుతుందో తెలీదు. అవి పెట్టిన విమానాల్ని ఫైటర్ పనికి కాకుండా ఫిరంగులకి గురి చెప్పే పనికి పంపారు. ఇంక అమెరికా వాళ్లది కామెడీ. వాళ్లకి లిబర్టీ అని 400 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది, దేశమంతా దాన్ని చూసి గర్వపడుతోంది, తీసుకెళ్లి బ్రిస్టల్ ముక్కులో కుక్కారు. ముక్కు బరువెక్కి, నడపలేక, కూలిపోయి, వేలల్లో ఇచ్చిన ఆర్డరు ముప్పై కూడా కట్టకుండానే క్యాన్సిల్. అదే డిజైన్, అవే రెక్కలు, ఇంజన్ మారగానే మటాష్.

గోదారిగట్టు:
రోల్స్ గారూ, మీరు చెప్పినవి అన్నీ నిజమే గానీ ఒక్క ప్రశ్న. 1917 ఏప్రిల్ 5న కూలినవాటిలోనూ ఉన్నది ఫాల్కనే కదా? అదే స్క్వాడ్రన్, అదే ఎఫ్2ఏ, అదే 190 హార్స్‌పవర్, మే నెల వచ్చేసరికి జర్మన్లని కొట్టడం మొదలెట్టింది. 275 ఇంజన్ తర్వాతొచ్చింది. కాబట్టి ఇంజన్ లేకపోతే కుదరదు అనండి ఒప్పుకుంటా, ఇంజనే గెలిపించింది అంటే మాత్రం ఏప్రిల్‌కి మీ దగ్గర జవాబు లేదు.

రోల్స్_పిచ్చోడు:
సరే ఏప్రిల్ మీకే ఇచ్చేస్తా, కానీ లిబర్టీ పాయింటు నాదే.

పాతఇంజన్:
ఈ గొడవ తీరాలంటే 1940 చూడాలి, అప్పుడు ఇంజన్ ఉంది, ట్యాక్టిక్ తప్పింది. బ్రిస్టల్ ఫైటర్ పేరు బ్రిటిష్ వాళ్ల బుర్రలో ఎంత బలంగా పడిపోయిందంటే రెండు సీట్ల ఫైటర్ మళ్లీ కావాలి అని 1930ల్లో బోల్టన్ పాల్ డిఫయంట్ చేయించారు. ఇంజన్ రోల్స్ రాయిస్ మెర్లిన్, స్పిట్‌ఫైర్‌లో ఉన్నదే. వెనక నాలుగు మెషిన్ గన్‌ల టరెట్, కరెంటుతో తిరుగుతుంది. మరి పైలట్‌కి ముందు వైపు గన్? లేదు. ఒక్కటి కూడా లేదు. అంటే 48వ స్క్వాడ్రన్ రక్తం పోసి నేర్చుకున్న దాన్ని, ముందు గన్నే అసలు అన్న ముక్కని, కాగితం మీదే కొట్టేశారు. 1940 జులై 19న 141వ స్క్వాడ్రన్ డిఫయంట్లు తొమ్మిది వెళ్తే జర్మన్ ఫైటర్లు మెస్సర్‌ష్మిట్ 109లు పట్టుకుని చాలా వరకు ఊడ్చేశాయి. తర్వాత వాటిని పగటి పోరాటాల నుంచి తీసేసి రాత్రి డ్యూటీకి పంపారు.

ఇందులో కడుపు మండే విషయం ఏంటంటే ఆ టైమ్‌లో ఆగ్నేయ ఇంగ్లండ్ ఆకాశం మొత్తం చూసుకుంటున్న 11 గ్రూప్ కమాండర్ కీత్ పార్క్. న్యూజిలాండ్ ఆయన. మొదటి యుద్ధంలో ఏం నడిపేవాడో తెలుసా, బ్రిస్టల్ ఫైటర్, అదీ 48వ స్క్వాడ్రన్‌లోనే, తర్వాత ఆ స్క్వాడ్రన్‌కే కమాండర్ అయ్యాడు. రెండు సీట్ల ఫైటర్ ఎలా వాడాలో ఆయన కన్నా తెలిసినవాడు ఆ దేశంలో ఎంతమంది ఉంటారు చెప్పండి.

చార్మినార్_చాయ్:
అన్నా లింకు అడిగినవ్ గదా, నేను చెప్తా, మన హైదరాబాద్‌ది.

బ్రిస్టల్ ఫైటర్‌ది కాదు గానీ దాని అన్నదమ్ముడు లాంటి డీహెచ్9ఏ, అది గూడ రెండు సీట్లు, రెండు రెక్కలే, బాంబులేసేది. 1918ల 110వ స్క్వాడ్రన్‌కి ఆ విమానాలు కొనిపెట్టిందే మన నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే దాని పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. విమానం మీద గూడ నిజాం ఇచ్చిండని రాసి ఉంటది. గవి ఫ్రాన్స్ నుంచి లేచి జర్మనీ ఊర్ల మీద బాంబులేసినయ్, పగటిపూటనే, దెబ్బలు గూడ మస్తు తిన్నయ్. అందుల ఎఫ్1010 అనే నంబరు విమానం 1918 అక్టోబర్ల జర్మనోళ్లకు దొరికింది, గాళ్లు బెర్లిన్ మ్యూజియంల పెట్టుకున్నరు, రెండో యుద్ధంల గది పోలండ్ చేరింది, మళ్ల 1977ల బ్రిటనోళ్లు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి మార్చుకున్నరు. ఇప్పుడు లండన్ ఆర్ఏఎఫ్ మ్యూజియంల ఉన్నది. మా చుట్టాలు లండన్ల ఉంటరు, పోయినప్పుడల్లా లండన్ ఐ, బ్రిడ్జి ఫోటోలే పెడతరు, ఇది మాత్రం ఎవ్వరు చూడరు.

రెండో యుద్ధంల గూడ 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టిన్రు, స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని బ్యాడ్జి మీద నిజాం తలపాగ ఉంటది, నమ్మకపోతే వెతుక్కో. ఆ పైసలన్నీ ఎవల కాడికెళ్లి వచ్చినయో, రైతు కట్టిన శిస్తు ఎంత పోయిందో అది వేరే పంచాయితీ, మళ్ల ఇంకో థ్రెడ్ పెట్టుకుందాం.

కరకట్టమీదనడక:
లింకు అంటే హైదరాబాద్ దాకా ఆగిపోయారు, అసలు బ్రిస్టల్ ఫైటర్ ఎక్కువ కాలం పనిచేసిందే అప్పటి ఇండియాలో అండి. మనం గర్వపడే లింకు మాత్రం కాదు.

యుద్ధం అయిపోయాక 1919లో ఆ 48వ స్క్వాడ్రన్నే క్వెట్టాకి పంపారు, 1920 ఏప్రిల్‌లో దాని నంబరు మార్చి 5వ స్క్వాడ్రన్ అన్నారు. 20, 28, 31 స్క్వాడ్రన్‌లు కూడా వాయవ్య సరిహద్దులో ఇవే నడిపాయి. పని ఏంటి, వజీరిస్థాన్ కొండల్లో మాట వినని తెగల మీద బాంబులు. ముందు హెచ్చరిక కాగితాలు పడేస్తారు, ఫలానా రోజు లోపు లొంగకపోతే ఊరు ఖాళీ చేసి పొండి అని, తర్వాత ఇళ్ల మీద, పొలాల మీద, పశువుల మీద. 1925 మార్చి 9 నుంచి మే 1 దాకా మహ్సూద్ తెగ మీద నడిచిన దాన్ని పింక్స్ వార్ అంటారు, వింగ్ కమాండర్ పింక్ పేరు మీద. సైన్యం కాలు పెట్టకుండా విమానాలే మొత్తం నడిపిన దాడి. 5, 20 స్క్వాడ్రన్‌లవి బ్రిస్టల్ ఫైటర్లు, 27, 60 వాళ్లవి డీహెచ్9ఏలు. ఆర్ఏఎఫ్ వాళ్లు ఇద్దరు పోయారు అని ప్రతి పుస్తకంలో ఉంటుంది. కింద ఎంతమంది పోయారు అన్నది ఏ పుస్తకంలోనైనా అంత శ్రద్ధగా రాశారేమో చూడండి.

పైలట్ల జేబుల్లో ఒక కాగితం ఉండేది, స్థానిక భాషల్లో, ఈ మనిషిని దెబ్బ తగలకుండా అప్పగిస్తే ఇంత బహుమతి ఇస్తాం అని. విమానం ఎందుకు కూలుతుందో, కూలితే ఎవరి చేతిలో పడతామో వాళ్లకి బాగా తెలుసన్నమాట. పైగా విమానాల పరిస్థితి కూడా అంతంతే. ఇండియా బడ్జెట్‌లోంచి స్పేర్ పార్టులకి డబ్బు రాలేదు, 1922లో జాన్ సాల్మండ్ అనే పెద్ద ఆఫీసరు వచ్చి తనిఖీ చేస్తే ఎగరగలిగినవి చాలా కొద్దే.

గోదారిగట్టు:
కరకట్ట గారు చెప్పింది ఒప్పుకోవాలండి. విమానం చరిత్ర అనగానే మనం 1917, 1918 దగ్గరే ఆగిపోతాం. ఇది యుద్ధంలో ఎగిరింది ఏడాదిన్నర చిల్లర, మిగతాదంతా ఇలాంటి డ్యూటీలే, ఇరాక్‌లోనూ అంతే.

సందేహాలరాయుడు:
అమ్మో ఇది నేను అస్సలు ఊహించలేదు. ఇన్ని కోణాలు ఉంటాయనుకోలేదు, థాంక్స్ అందరికీ. అయితే మనవాళ్లు ఎవరైనా దీన్ని నడిపారా? అంటే ఇండియన్ పైలట్లు?

పాతఇంజన్:
నడిపారు. హర్దీత్ సింగ్ మాలిక్, రావల్పిండిలో పుట్టిన సిక్కు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. తలపాగా తీయను అన్నాడు, దాని మీదకి పెద్ద సైజు హెల్మెట్ చేయించుకుని ఎగిరాడు. మొదట 28వ స్క్వాడ్రన్‌లో క్యామెల్. 1917 అక్టోబర్ 26న జర్మన్లు చుట్టుముట్టి కొడితే విమానం నిండా తూట్లు, కాలికి బుల్లెట్, అయినా బతికి బయటపడ్డాడు. కోలుకున్నాక ఇంగ్లండ్‌లో బిగ్గిన్ హిల్‌లో 141వ స్క్వాడ్రన్‌కి వేశారు, లండన్ మీదకొచ్చే బాంబర్లని ఆపే డ్యూటీ, అక్కడ విమానం బ్రిస్టల్ ఫైటర్. పైన నేను డిఫయంట్ల కథలో చెప్పిన 141 ఇదే. యుద్ధం తర్వాత ఐసీఎస్‌లో చేరాడు, స్వాతంత్ర్యం వచ్చాక ఫ్రాన్స్‌లో మన రాయబారిగా చేశాడు. గోల్ఫ్ కూడా బాగా ఆడేవాడు.

మొదటి యుద్ధంలో ఎగిరిన ఇంకో భారతీయుడు ఇంద్రలాల్ రాయ్ పేరు అందరూ చెప్తారు, ఆయనది ఎస్.ఇ.5ఏ, ఒక సీటుది, కాబట్టి ఈ థ్రెడ్‌లోకి రాడు.

మన సొంత ఎయిర్‌ఫోర్స్ 1932 అక్టోబర్ 8న పుట్టింది, 1933 ఏప్రిల్ 1న కరాచీలో నంబర్ 1 స్క్వాడ్రన్ మొదలైంది. అప్పటికి బ్రిస్టల్ ఫైటర్ రిటైర్ అయిపోయింది, మనవాళ్లకి ఇచ్చింది వెస్ట్‌లాండ్ వాపిటి, అది కూడా రెండు సీట్లు, రెండు రెక్కలదే, ఖర్చు తగ్గుతుందని డీహెచ్9ఏ భాగాలు వీలైనంత వాడి కట్టింది.

కొత్తమెంబర్_విశాఖ:
చదువుతూ కూర్చున్నా ఇప్పటిదాకా, ఒక చిన్న డౌటు అడగొచ్చా? ఇప్పుడు మన సుఖోయ్ 30లో కూడా ఇద్దరు ఉంటారు కదా, అది కూడా ఇదే లాజిక్కా, వెనకాయన తోక కాపలాయా?

బాల్సాచెక్క:
వెల్‌కమ్ బ్రో. కాదు, ఇప్పుడు వెనకాయన వెనక్కి తిరిగి కూర్చోడు, ముందుకే చూస్తాడు. రాడార్, మిసైళ్లు, టార్గెట్లు ఇవన్నీ చూసుకునే పని ఆయనది, వెపన్ సిస్టమ్ ఆపరేటర్ అంటారు, పైలట్ నడపడం మీద దృష్టి పెడతాడు. తుపాకీ కాపలా పోయింది గానీ ఒక మనిషికి మోయలేనంత పని ఉంటే రెండో మనిషిని పెట్టాలి అన్నది మాత్రం పాతదే. ఆ రెండో మనిషి ఏం చేయాలో మారుతూ వచ్చింది, 1914లో చూడ్డం, 1917లో తోక, ఇప్పుడు స్క్రీన్లు.

చార్మినార్_చాయ్:
బాల్సా అన్నా, నీ మోడల్ అయినంక ఫోటో పెట్టు, ఆ కింద రెక్క గ్యాప్ దగ్గరికెళ్లి తియ్యి. ఒక మాట, అసలుది ఎగిరేది ఎక్కడన్న ఉన్నదా ఇప్పుడు?

బాల్సాచెక్క:
ఉంది అన్నా. ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఓల్డ్ వార్డెన్ అనే పల్లెటూరిలో షటిల్‌వర్త్ కలెక్షన్ ఉంది, అక్కడ డి8096 నంబరుది, 1918లో తయారైన అసలు విమానం, ఫాల్కన్ ఇంజన్‌తోనే ఇప్పటికీ ఎగురుతుంది. ఎగరకుండా నిలబెట్టింది చూడాలంటే డక్స్‌ఫర్డ్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఒకటి ఉంది. మీ చుట్టాలకి చెప్పు, ఓల్డ్ వార్డెన్‌కి ఎయిర్ షో ఉన్న రోజు చూసుకుని వెళ్లమను, అదీ గాలి తక్కువ ఉన్న సాయంత్రం, గాలి ఎక్కువుంటే ఇలాంటి పాతవాటిని హ్యాంగర్‌లోంచి బయటికే తీయరు. టికెట్ కొని వెళ్లి గడ్డి చూసి రావాల్సి వస్తుంది.